ఖిలాషాపూర్ కోట

జనవరి 19, 2025, ఆదివారం. కొమురవెల్లి

సంక్రాంతి తర్వాత తొలి ఆదివారం, పట్నం వారం. హైదరాబాద్ సగం ఇక్కడే ఉన్నట్టుంది. ఎవరి నుదుట చూసినా బండారే, మల్లన్న పసుపే. గర్భగుడిలో పుట్టమన్నుతో చేసిన మల్లన్న, ఇరుపక్కలా ఆయన దేవేరులు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. గంగరేగు చెట్టు దగ్గర ఒగ్గు పూజారి పట్నం అనే ముగ్గు వేస్తుంటే చాలాసేపు నిలబడిపోయాను. పిడికిట్లో పసుపు, బొటనవేలు కదిలినంత మేర సన్నని ధార. గీత ఎక్కడా తెగలేదు. చెయ్యి పట్నం వేస్తుంటే నోరు మల్లన్న కథ చెబుతోంది. ఈ దేవుడి చరిత్ర ఇన్ని తరాలు నిలిచింది ఈ గొంతుల్లోనే.

జనవరి 21, మంగళవారం. ఖిలాషాపూర్

చేర్యాల, జనగామ దాటి రఘునాథపల్లి మండలంలోకి వచ్చాం. మొగలుల రాతల్లో షాపూర్ అంటే ఇదే. సర్వాయి పాపన్న కోట. గీత వృత్తి కుటుంబంలో పుట్టినవాడు సైన్యం కూడగట్టి, 1708లో ముహర్రం పదో రోజున ఓరుగల్లు మీద పడ్డాడు. మొగలు సైన్యం వెంటాడింది. 1710లో పట్టుకుని చంపి, తలను బాదుషా దర్బారుకు పంపారు.

బురుజు ఎత్తుగా, గుండ్రంగా నిలిచి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే రాళ్ల సందులో రావి మొలక. వేలంత వేరు సున్నాన్ని పొడి చేసి లోపలికి దిగింది. తాకగానే సున్నం రాలింది. “కింద చూసుకుంట నడువు బిడ్డా, రాళ్లు జారుతయి” అని గొర్లు కాస్తున్న పెద్దాయన హెచ్చరించాడు.

జనవరి 22, బుధవారం. కొమురవెల్లి

మొగలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పాపన్నను దొంగగా రాశాడు. ఊళ్లలో కథలు పాడే శారదకాండ్రు వీరుడిగా పాడారు. ఆ పాట గురించి 1874లోనే బాయిల్ అనే ఆంగ్లేయుడు రాశాడు. 1980లో పరిశోధకులు రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఆ రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి చదివారు. పాట లేకపోతే మనకు మిగిలేది గెలిచినవాళ్ల మాటే.

కథ ఒక కోటకు ఎంత పేరు తెస్తుందో రుమేనియాలో చూడొచ్చు. అక్కడ బ్రాన్ అనే పల్లె ఉంది. అక్కడి కోట ప్రస్తావన 1377 నాటి పత్రంలోనే కనిపిస్తుంది. డ్రాక్యులా కథకూ ఆ కోటకూ అసలు సంబంధం లేకున్నా ఆ పేరు మీదే లోకమంతా వెళ్లి చూస్తోంది. ఖిలాషాపూర్‌కు కల్పన అక్కర్లేదు. ఇక్కడ నిజంగా బతికిన మనిషి, నిజంగా జరిగిన పోరు ఉన్నాయి.

ఏటా ఆగస్టు 18న పాపన్న జయంతికి దండలు వేస్తున్నాం. మంచిదే. అంతకన్నా ముందు ఆ రావి వేర్లు తీయించాలి. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలతో గోడలు బాగుచేయించాలి. శారదకాండ్రను పిలిచి, తగిన కూలి ఇచ్చి, కోటలోనే పాపన్న కథ చెప్పించాలి. మల్లన్న దర్శనానికి వచ్చే ప్రతి కుటుంబం పిల్లలను వెంటబెట్టుకుని ఒక పూట ఖిలాషాపూర్ వెళ్లి రావాలి.