చెట్టు కూడానా సార్?

పదిహేనేళ్లు మదనపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. అద్దె ఇల్లు. వెనక రేకుల షెడ్డులో తొమ్మిది, పది తరగతులు, ముందర వేపచెట్టు. ప్రేయరు ఆ చెట్టు కిందే. కరోనాకు మూసిన గేటు మళ్లీ తెరవలేదు. ఇప్పుడక్కడ టమాటా క్రేట్లు పేర్చుకుంటున్నారు. ఆ స్కూలు మీద నాకున్న ప్రేమ చెప్పుకుంటూ పోతే ఒక పుస్తకమవుతుంది. అక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది, ముందు అది చెప్పాలి.

ఏటా ఆగస్టు 15కి ముందు పిల్లల్ని వరసలో నడిపించుకుని బీటీ కాలేజీ దాకా తీసుకుపోయేవాణ్ణి. అక్కడ నిలబెట్టి, "మీరు రోజూ పాడే జనగణమన రవీంద్రనాథ్ ఠాగూర్ రాసింది ఇక్కడేరా, మన ఊళ్లోనే" అనేవాణ్ణి. నాకు మా అయ్యవారు చెప్పారు, ఆయనకు వాళ్ల అయ్యవారు చెప్పి ఉంటారు. ఊరంతా అనే మాటే. పుస్తకం తీసి చూద్దామని ఒక్కనాడూ తోచలేదు. ఆ మాట వినగానే పిల్లల కళ్లు వెడల్పయ్యేవి. అవి ఇంకొంచెం వెడల్పు కావాలని ఏటేటా నేనూ ఒక మాట చేర్చేవాణ్ణి. ఒక ఏడాది ఒక చెట్టు చూపించి, "ఆయన కూర్చుని రాసింది దీని కిందే" అన్నాను. ఆ చెట్టు సంగతి నాకెవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చిత్తూరులో జరిగిన క్విజ్‌కు మా స్కూలు తరఫున పోయింది. జనగణమన మొట్టమొదట ఏ ఊళ్లో పాడారని అడిగారట. మదనపల్లె అని చెప్పింది. మార్కు పోయింది, దాంతోపాటే ప్రైజూ పోయింది. మర్నాడు వేపచెట్టు కింద నా దగ్గరికి వచ్చి, "కలకత్తా అంట సార్, 1911 అంట" అంది. నోట్సు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

"వాళ్లకేం తెలుసమ్మా! మన ఊరి సంగతి మనకు తెలీదా?" అన్నాను.

ఆ పిల్ల మొహం విచ్చుకుంది. స్టేజీ మీద జవాబు చదివినాయన్ని కాదని నన్ను నమ్మింది. అంతకుముందు చెప్పిందంతా తెలియక చెప్పాను. ఆ ఉదయం మాత్రం నాకు అనుమానం వచ్చింది. వచ్చినా పిల్ల ముందర తగ్గలేక ఆ మాట అన్నాను.

ఆ అనుమానమే లోపల గుచ్చుతుంటే చదవడం మొదలుపెట్టాను. జనగణమన 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. మదనపల్లె కథ ఏడేళ్ల తర్వాతది. మా బీటీ కాలేజీ 1915లో అనీ బిసెంట్ పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల. బిసెంట్ నడిపిన హోంరూల్ ఉద్యమం వేడిలో మద్రాసు విశ్వవిద్యాలయంతో అనుబంధం తెగిపోతే, అడయారులో ఆమే పెట్టించిన జాతీయ విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. దానికి ఛాన్సలరు ఠాగూరు. మదనపల్లెలో ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఐర్లాండు కవి. దక్షిణాదిలో ఊరూరా తిరిగి అలిసిన ఠాగూరు 1919 ఫిబ్రవరిలో ఆయన దగ్గర నాలుగు రోజులు సేదదీరడానికి వచ్చారు.

కాలేజీలో వారానికో సాయంత్రం పాటల కూడిక ఉండేది. ఠాగూరు వచ్చి కూర్చుని, తన బెంగాలీ పాట ఒకటి పాడతానన్నారు. అంత నిండైన మనిషికి అంత సన్నని గొంతేమిటని కజిన్స్ ఆశ్చర్యపోయారట. మళ్లీ పాడమని అడిగి అడిగి పాడించుకున్నారు. చరణం చివర జయజయధ్వానం దగ్గర కుర్రాళ్లంతా గొంతు కలిపారు. సంగీతం చదువుకున్న కజిన్స్ గారి భార్య మార్గరెట్ ఆ బాణీని స్వరాల్లో రాసిపెట్టింది. ఫిబ్రవరి 28న ఠాగూరు అదే పాటను తన చేత్తో ఇంగ్లీషులో రాసి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. కాలేజీ పిల్లలకు అది రోజూ పాడుకునే ప్రార్థన అయింది. దేశం దాన్ని జాతీయగీతంగా తీసుకున్నది 1950 జనవరి 24న. కజిన్స్ దంపతులు ఇదంతా ‘వుయ్ టూ టుగెదర్’ అనే తమ పుస్తకంలో చెప్పుకున్నారు.

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. యూనివర్సిటీ వెలివేసిన ఒక చిన్న ఊరి కాలేజీ పిల్లలు, దేశానికంటే ముప్పై ఏళ్లు ముందే, పొద్దున్నే నిలబడి ఆ పాట పాడారు. ఇంత గొప్ప సంగతి చేతిలో ఉండగా నేను లేని చెట్టొకటి నాటాను.

అప్పుడైనా ఆ అమ్మాయిని పిలిచి చెప్పాల్సింది. పదో తరగతి పరీక్షలు కానీలే అనుకున్నాను. పరీక్షలయ్యాయి, టీసీ తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత స్కూలే లేకుండా పోయింది.

మొన్నీమధ్య జనవరి 26కి ఫోను వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు తిరుపతిలో టీచరు. "మా పిల్లల్ని ఆశీర్వదించడానికి రావాలి సార్" అంది. వెళ్లాను. జెండా ఎగిరింది, నాకు శాలువా కప్పారు. తను మైకు తీసుకుని, "ఈ పాటను ఠాగూరు రాసింది మా మదనపల్లెలో. ఏ చెట్టు కింద రాశారో మా సార్ నాకు చూపించారు" అంది. మూడు వందల మంది పిల్లలు నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను శాలువా అంచు పట్టుకుని కూర్చున్నాను. నోరు పెగల్లేదు.

తిరుగు బస్సు భాకరాపేట ఘాటు ఎక్కుతుంటే శాలువా మడిచి సంచిలో పెట్టేశాను. పీలేరు బస్టాండులో దిగి ఫోను చేశాను. అంతా చెప్పాను, క్విజ్ రోజున నాకు అనుమానం వచ్చిందన్నది కూడా. అటునుంచి చాలాసేపు మాట లేదు.

"చెట్టు కూడానా సార్?"

"చెట్టు కూడా అమ్మా."

"అయితే సోమవారం ప్రేయరుకు రండి సార్. పిల్లలకు మీరే చెప్పాలి."

తెల్లవారుజామున మొదటి బస్సుకే పోయాను. మొదట పాడింది ఎక్కడో, మా ఊళ్లో జరిగింది ఏమిటో చెప్పాను. చెట్టు నేను కల్పించిందనీ చెప్పాను. ముందు వరసలో ఒక బాబు చెయ్యెత్తి, "ఆ కాలేజీ పిల్లలకు బెంగాలీ వచ్చా సార్?" అన్నాడు. రాకపోయినా గొంతు కలిపారని చెప్తుంటే, వెనకనుంచి మా అమ్మాయి అడిగింది.

"చిత్తూరు క్విజ్‌లో వాళ్లు చెప్పిందే కరెక్టు కదా సార్?"

"కరెక్టేనమ్మా. ఆ రోజు నీకు తప్పు చెప్పింది నేను" అన్నాను, మైకులోనే.