మొహమాటానికి వడ్డీ

సూరత్‌లో కట్టిన చీరల పార్సిలు ఘాట్లు దాటి, షోలాపూర్, హైదరాబాద్ మీదుగా నాలుగైదు రోజుల్లో విజయవాడ వస్త్రలతకు చేరుతుంది. దాని కిరాయి మాత్రం రింగ్ రోడ్డు మార్కెట్లోంచి సహారా దర్వాజా దగ్గరున్న మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు రావడానికి మూడు నాలుగు నెలలు తీసుకుంటుంది. నడిచినా పావుగంట దారే.

అన్ని కిరాయిలూ ఇంతే అనలేను. సరుకు రశీదు, అదే బిల్టీ మీద ‘టూ పే’ అని రాస్తే సరుకు అందుకునేవాడు డబ్బు కట్టి విడిపించుకుంటాడు. ‘పెయిడ్’ అయితే బుకింగ్‌లోనే తీసుకుంటాం. తలనొప్పంతా ఖాతా పార్టీలతో. నెల పొడుగునా సరుకు వేస్తారు, నెలాఖరుకు బిల్లు తీసుకుంటారు, ఆ తర్వాత దొరకరు. టూ పే పార్సిలు గోడౌన్‌లో ఉన్నంతసేపు మా మాట చెల్లుతుంది. దాని కిరాయి అందేదాకా ఆపుకోవచ్చు. ఎవరూ రాకపోతే 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం నోటీసులిచ్చి, గడువు దాటాక అమ్ముకునే వీలూ ఉంది. ఖాతా పార్టీ సరుకైతే ఈపాటికి మడతలు విప్పడం, అమ్ముడుపోవడం, ఎవరో కట్టుకోవడం కూడా అయిపోయి ఉంటాయి. మా చేతిలో మిగిలేది కాగితమే.

మా ఖర్చులకు మాత్రం ఎవరూ ఖాతా ఇవ్వరు. లోడింగ్ కాగానే లారీ యజమానికి అడ్వాన్సు పంపాలి, లేకపోతే బండి కదలదు. హమాలీలు సాయంత్రానికి కూలి లెక్క తేల్చుకునే ఇంటికి వెళతారు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోలు డబ్బు బండి గేటు దగ్గరికి వచ్చీ రాకముందే ఖాతాలోంచి పోతోంది. అంటే సేఠ్ సరుకు మీద మూడు నెలల పాటు తిరిగేది మా డబ్బు. కోట్ల వ్యాపారికి లక్షలవాడు వడ్డీ లేకుండా అప్పిస్తున్నాడన్నమాట. ఆ లక్షలు మళ్ళీ మేం వడ్డీకి తెచ్చినవి.

నిజానికి ఎగ్గొట్టేవాళ్ళు తక్కువ. ఆలస్యం చేసేవాళ్ళే ఎక్కువ. సేఠ్ ఊళ్ళో లేరు. అకౌంటెంట్ సెలవు. బిల్లు పాస్ కాలేదు. పాసైంది గానీ చెక్కు మీద సంతకం కాలేదు. డెలివరీ అయినట్టు అవతలివాళ్ళు ముద్ర వేసిన బిల్టీ నకలు పోయింది, ఇంకోటి తెండి. రెండు బేళ్ళు తడిశాయట, కటింగ్ ఎంతో తేలాలి. వీటన్నిటిలో మొదటిదాన్ని నేను నమ్ముతాను. సీసీ కెమెరాలో మనల్ని చూసి లోపలి గదిలోకి వెళ్ళిన సేఠ్ మన వరకు ఊళ్ళో లేనట్టే. అయితే మర్యాదకు లోటుండదు. ‘బేసో’ అని కుర్చీ చూపిస్తారు, చాయ్ తెప్పిస్తారు, చివర్న ‘కాలే ఆవ్జో’ అంటారు. రేపు రమ్మని. ఆ రేపు కూడా చాయ్ బాగానే ఉంటుంది.

నల్లగొండ నుంచి నాతో వచ్చిన సామానులో మొహమాటం ఒకటి. మా నాన్న తానిచ్చిన చేబదులు అడగడానికి వెళితే ముందు వాళ్ళ పిల్లల చదువు, బర్రె పాడి, బావిలో నీళ్ళు అన్నీ విచారించేవాడు. లేచి గుమ్మం దాకా వచ్చి, చెప్పులేసుకుంటూ, ‘అదే, మన సంగతి…’ అనేవాడు. తీసుకున్నాయన మంచం మీద నిటారుగా కూర్చుంటే, ఇచ్చినాయన వాకిట్లో తల దించుకునేవాడు.

ఇక్కడ ఉఘరాణీకి, అంటే బాకీల వసూలుకు వెళ్ళడం దుకాణం షట్టరు ఎత్తడం లాంటి రోజువారీ పని. మా ఆఫీసులో ఒక కాఠియావాడీ పెద్దాయన ఉన్నాడు. ఫోనెత్తి బిల్లు నంబరు, తేదీ, మొత్తం చెబుతాడు. కోపం లేదు, సంజాయిషీ లేదు. ‘భాయ్, మంగళవారం అన్నావు, ఇవాళ మంగళవారం.’ అంతే. అవతలివాడూ నొచ్చుకోడు. పొద్దుట్నుంచి అతనూ అదే పని మీద పదిమందికి ఫోన్లు కొడుతున్నాడు. నేను నెలకోసారి నసిగే మాట పెద్దాయన వారం వారం హాయిగా అంటాడు. గల్లాలో ఉన్న కాస్త డబ్బు ఎవరికి ముందివ్వాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఏ వ్యాపారైనా క్రమం తప్పకుండా అడిగినవాడి బిల్లే పైకి తీస్తాడు. మొహమాటపడ్డవాడిది అడుగునే ఉంటుంది. ఆ ఆలస్యానికి వడ్డీ కట్టేది కూడా మొహమాటపడ్డవాడే.

అలాగని సేఠ్‌నొక్కణ్ణే తిట్టి లాభం లేదు. శ్రావణం అమ్మకాలకు జూన్, జూలైల్లో పార్సిళ్ళు పోటెత్తుతాయి. వస్త్రలత హోల్‌సేలరు అరవయ్యో తొంభయ్యో రోజుల గడువు మీద సేఠ్‌కు డబ్బు పంపుతాడు. ఆ హోల్‌సేలరుకు ఇవ్వాల్సింది తెనాలి దుకాణదారు. ఆ దుకాణదారుకు బాకీ, బండి మీద మూట వేసుకుని ఊళ్ళు తిరిగే వాయిదాల చీరలాయన. ఆయనకు బాకీ, సగం ఇచ్చి మిగతాది ధాన్యం డబ్బులొచ్చాక ఇస్తానన్న ఇల్లాలు. ఈ వరసలో ప్రతివాడూ ఇంకొకరి కోసం ఆగినవాడే. కాకపోతే ఆమె దగ్గర బయల్దేరిన రూపాయి దారిలో అందర్నీ పలకరించి మా దగ్గరికి చివర్న వస్తుంది. చీర ఒక్కింటికి కిరాయి కొద్ది రూపాయలే. ఇంత చిన్న మొత్తం ఇచ్చేయొచ్చు కదా అని మేమనుకుంటాం. ఇంత చిన్న మొత్తం ఆగొచ్చు కదా అని వాళ్ళనుకుంటారు.

ఈ ఆగడానికి ఒక హద్దు దీపావళి. చోప్డా పూజ చేసి కొత్త పద్దు పుస్తకం తెరిచేలోగా పాత బాకీలు తేల్చుకోవాలని చాలామందికి పట్టింపు. అప్పటికీ రాకపోతే లాభ పంచమి దాకా మార్కెట్‌కు తాళమే. అందుకని ఆశ్వయుజంలో మా చెప్పులు బాగా అరుగుతాయి.

చట్టం మా పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ బిల్లు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు 2017లో సమాధాన్ పోర్టల్ కూడా పెట్టారు. అయితే అందులో ఫిర్యాదు పడ్డ మర్నాడు ఆ పార్టీ సరుకు పక్క ట్రాన్స్‌పోర్టులో లోడవుతుంది. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన సెక్షన్ 43బి(హెచ్) తెలివిగా వేరే దారి పట్టింది. గడువు దాటించిన చిన్న సంస్థల బిల్లును డబ్బు చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోనివ్వదు. 2024 మార్చిలో మార్కెట్లో ఎవరి నోట విన్నా అదే. సరుకు వాపసు వస్తోందని బట్ట తయారీదార్లు గోల పెట్టారు. మాకు మాత్రం అకౌంటెంట్లు తమంతట తామే ఫోన్ చేసి, చిన్న సంస్థగా మీ ఉద్యమ్ నమోదు నంబరు ఎంత అని అడిగారు. మేం అడిగితే కదలని సంతకం, పన్ను లెక్క రాసే సీఏ అడిగితే కదిలింది.

ఏ సీఏ వల్లా కానిది మనవాళ్ళ దగ్గర వసూలు. లింబాయత్ వైపు వెళితే మగ్గాల చప్పుడు మధ్య తెలుగు వినపడుతుంది. ఇక్కడి మునిసిపల్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉందంటే మనవాళ్ళెంతమందో ఊహించుకోవచ్చు. ‘తమ్మీ, మనం మనం ఒకటే గదా, నీ పైసలు యాడికి పోతయ్?’ అంటాడు ఓ మగ్గాల యజమాని. ఆ పలకరింపు ముందు నోరు పెగలదు. కాఠియావాడీ పెద్దాయన దగ్గర కొంత చదువుకున్నాక జవాబు దొరికింది. ‘అన్నా, మనం మనం ఒకటే. బిల్లులే రెండైనయ్.’ ఆయన పగలబడి నవ్వి ఒకదానికి చెక్కు రాశాడు.

ఇప్పుడు కొత్త పార్టీ వస్తే సరుకెంత అని అడిగేముందు, బిల్లు పాస్ చేసేదెవరు, చెక్కులు రాసేది ఏ వారం అని అడుగుతాను. గడువు దాటిన మర్నాడే ఫోన్ చేస్తాను. అడిగితే స్నేహం చెడుతుందంటారు గానీ, ఈ మార్కెట్లో నేను చూసినంతవరకు అడిగి చెడినవాళ్ళు కొద్దిమందే. అడక్కుండా ఆరు నెలలు లోపల్లోపల ఉడికి, ఒకరోజు నలుగురిలో అరిచి చెడినవాళ్ళే ఎక్కువ.