కిట్సిలానో తీరమున చెవియొగ్గి

కెనడా దేశపు పశ్చిమ తీరమున, పసిఫిక్ మహాసముద్రమునకును మంచుకొండలకును నడుమ నమరియున్న వాంకూవరు నగరమునకు వచ్చువారు సాధారణముగా కొండలను, వంతెనలను, స్టాన్లీ పార్కులోని మహావృక్షములను కన్నులార చూచి సంతోషించి పోవుదురు. నేను మాత్రము ఆ నగరమును వినవలెనను సంకల్పముతో, ఒక చిన్న రికార్డరును, గాలి తగులకుండ బొచ్చుతొడుగు వేసిన మైక్రోఫోనును చేతిసంచిలో పెట్టుకొని, బర్నబీలో కాపురముండు మా చెల్లెలి కుమారుని యింట దిగితిని. ఈ సంకల్పమునకు మూలకారణము హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ అను స్వరకర్త్రి. 1946లో జర్మనీలోని ఓస్నాబ్రూక్ పట్టణమున జన్మించి, 1968లో కెనడాకు వలసవచ్చిన యీమె, సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున ఆర్. మరీ షేఫర్ నెలకొల్పిన వరల్డ్ సౌండ్‌స్కేప్ ప్రాజెక్టులో చేరి, చూపునకు గోచరించు ప్రకృతివలెనే చెవికి గోచరించు ప్రకృతియు నొకటి గలదనియు, దానిని సయితము కాపాడుకొనవలసియున్నదనియు నమ్మిన ఆ చిన్న బృందముతో కలిసి పనిచేసెను.

ఆ బృందమువారు 1973లో ఈ నగరపు ధ్వనులను గ్రామఫోను రికార్డులుగా వెలువరించిరి. ఒక ఊరికి గోపురమో కోటయో గుర్తుగా నిలిచినట్లే కొన్ని ధ్వనులును గుర్తుగా నిలుచునని వారు చెప్పిన మాటకు ఇచ్చట నేటికిని రెండు నిదర్శనములు మిగిలియున్నవి. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు రేవు ప్రక్కనున్న కెనడా ప్లేసు మీదనుండి పది గాలికొమ్ములు ఒక్కుమ్మడి మ్రోగి ఆ దేశపు జాతీయగీతములోని మొదటి నాలుగు స్వరములను నగరమంతటను చల్లును. రాత్రి తొమ్మిదింటికి స్టాన్లీ పార్కునందు, 1816లో ఇంగ్లండున పోతపోసిన పాత ఫిరంగి యొకటి ప్రేలును. కొమ్ముల ధ్వని క్రింద నిలిచి విన్నప్పుడు అది చెవికంటె ముందు రొమ్మున తగిలెను. చుట్టునున్న యాత్రికులు ఉలిక్కిపడి నవ్వుకొనుచుండగా, ఆ ప్రక్కనే రొట్టె తినుచు కూర్చున్న యొక కార్మికుడు తలయెత్తకయే తన గడియారము వంక చూచుకొనెను.

అయితే నేను వచ్చినది ఇంత పెద్ద ధ్వనులకొరకు కాదు. నగరపు పడమటి భాగమున, ఇంగ్లీష్ బే యను అఖాతమును ఆనుకొని కిట్సిలానో తీరము కలదు. 1989లో వెస్టర్‌క్యాంప్ రచించిన, ఇంచుమించు పది నిమిషముల నిడివిగల 'కిట్స్ బీచ్ సౌండ్‌వాక్' అను కృతి పుట్టినది ఇచ్చటనే. ఆటుపోటుల పట్టిక చూచుకొని, నీరు తీయుచున్న యొక చలి ఉదయమున మా చెల్లెలి అబ్బాయి నన్నక్కడికి కారులో తీసికొనిపోయెను. ఇసుకతీరమును దాటి, అచ్చటి ఈతకొలనునకు పడమటగా పోయినచో రాతిగుట్టలు వచ్చును. ఆ రాళ్ల నిండ తెల్లని పొక్కులవలె బార్నకిల్ అనెడు అతిచిన్న చిప్పప్రాణులు కరచుకొని యుండును. సముద్రము వెనుకకు తగ్గినపుడు ఇవి లోపలి తేమ ఆరిపోకుండ తమ చిప్పల తలుపులను మూసికొనును, నీరు తిరిగి వచ్చినపుడు తెరచి ఈకలవంటి కాళ్లతో ఆహారమును లోనికి లాగికొనును.

నిలుచుండి విన్నంతసేపు నాకు వానిసడి ఏమియు తెలియలేదు. అవతలి గట్టున బారులు తీరిన భవనములనుండి, వంతెనల మీద పరువెత్తు వాహనములనుండి, లంగరు వేసిన సరకు ఓడల యంత్రములనుండి పుట్టిన ఘోష యంతయు నీటిమీదుగా జారివచ్చి ఒక్కటే హోరుగా నా చెవులను నింపుచుండెను. నడుమ నొక నీటివిమానము తలమీదుగా పోయి దానిని రెట్టింపు చేసెను. పిదప తడిరాతిమీద మోకాలూని, మైక్రోఫోనును ఒక చిప్పలగుంపునకు జానెడు దూరమునకు తెచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఊపిరి బిగబట్టితిని. అప్పుడు వినబడెను. ఉగ్గానికని బొరుగులమీద నీళ్లు చల్లినప్పుడు గిన్నెలోనుండి వచ్చునట్టి సన్నని చిటచిట, ఒకచోట ఆగి మరియొకచోట మొదలగుచు, రాయి పొడవునను ప్రాకిపోవుచుండెను; నడుమనడుమ ఎవరో పెదవులు చప్పరించినట్లు నీరు పగుళ్లలోనికి ఇంకుచుండెను. వంగినవారికి తప్ప దొరకని శబ్దమది. మా అబ్బాయి కోటు కాలరు పైకెత్తుకొని చలికి గంతులు వేయుచు, "పెద్దమ్మా, ఇంత దూరం వచ్చింది ఈ చిటచిటల కోసమేనా?" అని యడిగెను. ఆ ప్రశ్నయు రికార్డరులో పడినది; దానిని నేను తుడిచివేయలేదు.

ఏల తుడువలేదో చెప్పవలసియున్నది. అరణ్యధ్వనులను, సముద్రధ్వనులను రికార్డు చేయువారిలో పెక్కురు తమ అడుగుల సవ్వడిని, దగ్గును, దూరపు లారీకూతను కత్తిరించి, మానవుడే లేని స్వచ్ఛమైన ప్రకృతి నొకదానిని మనకు వినిపింతురు. వెస్టర్‌క్యాంప్ ఈ మార్గమును త్రొక్కలేదు. కిట్స్ బీచ్ కృతియందు ఆమె తన కంఠముతోనే మాటాడును: తానెక్కడ నిలిచియున్నదో, వెనుక నగరమెట్లు ఘోషించుచున్నదో చెప్పును, ఆ ఘోషను కావలెనని పెంచి చూపును, పిదప తాను ఇప్పుడు స్టూడియోలో నున్నదనియు, ఫిల్టర్లతో నగరమును లేనట్లు చేయగలదనియు చెప్పి, మనము వినుచుండగనే దానిని తీసివేయును. అటుపిమ్మట చిప్పల సన్నని సడిని పట్టుకొని తన కలలలోనికి మనలను తీసికొనిపోవును. ఈ చిన్న ధ్వనులకు చోటిచ్చినచో నగరమును తిరిగి ఎదుర్కొను బలము తనకు చేకూరునని ఆమె భావము. తన చేతిలోని మీటను శ్రోత కంటబడనిచ్చిన ఈ సత్యసంధతయే నన్నింతదూరము రప్పించినది.

ఆ రాత్రి ఇంటికి చేరి భోజనములైన తరువాత, సాఫ్ట్‌వేరు వృత్తిలోనున్న మా అబ్బాయి నా ఉదయపు రికార్డింగును తన కంప్యూటరులోనికెక్కించెను. నగరఘోష తక్కువ పౌనఃపున్యములలో నుండును, చిప్పల చిటచిట ఎక్కువ పౌనఃపున్యములలో నుండును. కావున క్రింది భాగమును వడకట్టిన చాలు, రెండును విడిపోవును. వాడు వ్రేలితో ఒక గీతను ప్రక్కకు జరిపినంతనే లక్షలమంది జనులు కాపురముండు మహానగరము మాయమైపోయెను. నాకు భయము వేసెను. ఇంత సులభముగా తుడిచివేయగల పనిముట్టు చేతనున్నవాడు తాను తుడిచినదేదో చెప్పకుండుట అసత్యమే యగునని నా గట్టి అభిప్రాయము.

సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయము బర్నబీ కొండమీద, కాంక్రీటుతో కట్టిన విశాలప్రాంగణములతో, 1965నుండి నడచుచున్నది. అచ్చట తిరుగుచు నేను వెస్టర్‌క్యాంప్ వలెనే ధ్వనులతో పనిచేసిన స్త్రీలను తలపోసితిని. ఎలక్ట్రానిక్ సంగీతశాలలు పురుషుల కర్మాగారములుగా పేరుపడిన కాలమున, ఇంగ్లండులో డాఫ్నీ ఓరమ్ ఫిలిముపట్టీలమీద గీతలు గీసి వానినుండి నాదమును పుట్టించెను. అమెరికాలో పాలీన్ ఆలివెరోస్ స్త్రీల బృందముతో సాధన చేసి వినుటనే ధ్యానముగా మలచెను. న్యూజీలాండులో పుట్టిన ఆనియా లాక్‌వుడ్ హడ్సన్ నదిని మూలమునుండి సముద్రమువరకు ధ్వనిపటముగా 1982లో కూర్చెను. వెస్టర్‌క్యాంప్ 1978, 79 సంవత్సరములలో వాంకూవరు కో-ఆపరేటివ్ రేడియోలో వారమునకొకమారు నగరమందలి యేదో యొక తావును శ్రోతలకు నడిపించి వినిపించెను. 1992లో ఢిల్లీకి వచ్చి, అచ్చటి వీధులలో తిరుగు అమ్మకపువారి కేకలను రికార్డు చేసికొనిపోయి 1997లో ఒక కృతి రచించెను. దానిని విని మా అబ్బాయి, తన బాల్యమున హైదరాబాదు వీధిలో తోపుడుబండి కూరగాయలవాని కేకకు మా చెల్లెలు మేడమీదనుండి బుట్టను త్రాటితో దింపుట తలచుకొని, చాలసేపు మాటాడెను. పరదేశపు స్త్రీ మన బజారుకేకలను పట్టుకొనిపోవుట న్యాయమా యని నాకును సందేహము కలుగక పోలేదు. కాని తాను అతిథినని మరువక విన్న చెవి అది యని, కృతి ముగియునప్పటికి నమ్మితిని.

కొండమీద నొక మాలకాకి అరచుచుండగా రికార్డు చేసితిని. 1992లోని 'బినీత్ ద ఫారెస్ట్ ఫ్లోర్' అను కృతియందు వెస్టర్‌క్యాంప్ ఇట్టి మాలకాకి కూతను మిక్కిలి నెమ్మది చేసి, అడవి గుండె కొట్టుకొనుచున్నట్టి మ్రోతను సాధించినది. ఆ కృతిలోని ధ్వనులలో పెక్కు వాంకూవరు దీవిలోని కార్మానా లోయవి. మా అబ్బాయి నా కాకికూతను అట్లే నెమ్మది చేసి వినిపించి, "ఇట్లా మారిస్తే ఇక ఇది కాకి అవుతుందా పెద్దమ్మా?" అనెను. ఏ పక్షిదో, ఏ అడవిదో చెప్పి మార్చినంతకాలము అగునంటిని. వాడు ఒప్పుకొనలేదు, ఆ వాదము మరునాడు ఆ లోయను చూడబోవుచు మేమెక్కిన ఫెర్రీమీదను సాగినది. ఎనిమిది వందల యేండ్లకు పైబడిన సిట్కా స్ప్రూసు చెట్లుగల ఆ లోయను నరకనీయకుండ 1980ల చివర జనులు పోరాడగా, 1990లో కొంతభాగము రక్షిత ఉద్యానమయ్యెను. అచ్చటికి చేరుటకు మాత్రము నేటికిని కలప లారీలకొరకు వేసిన కంకరబాటయే గతి. నరికిన మోళ్ల నడుమనుండి, ఎదురుగా దుంగల లారీ వచ్చినప్పుడెల్ల ప్రక్కకు తొలగి నిలుచుచు, మేము ఆ బాటనే పోతిమి.