తీగ పచ్చదనము

మొదటియేట మా పెరటి చిలగడదుంప తీగ నేలయంతయు కప్పి కన్నులపండువుగా నల్లుకొనెను. పెంటయెరువు మెండుగా వేసితిమి. నిత్యము నీరు పోసితిమి. త్రవ్విచూడగా వ్రేలిలావు వేళ్లే కనబడినవి. ఆ నెల మావారికి జీతము రాలేదు. బంధువుల పెండ్లికని అప్పుచేసి కొన్న పట్టుచీర మాత్రము పెట్టెలో మెరయుచుండెను. "ఇక నాకులే వండుము, అమ్మాయీ!" అని అత్తగారు నవ్విరి. నిజముగా లేతయాకులు కోసి పప్పులో వేసితిమి. పిల్లలు మాటాడక తినిరి. వారి మౌనమే మమ్ము బాధించెను.

మరుసటియేట ఆశ్వయుజమున బోదెలు చేసి, మూరెడు తీగముక్కల నడిమి కణుపులు మట్టిలో నుండునట్లు నాటితిమి. ఎరువు తగ్గించితిమి. అప్పుడప్పుడు తీగలను పైకెత్తి త్రిప్పితిమి. లేనిచో కణుపుకణుపునను వేళ్లు దిగి, దుంపకు చేరవలసిన బలము చెదరిపోవును. 4 నెలలకు ఆకులు పసుపెక్కెను. ఒక దుంపను కోసిచూడగా పాలు నల్లబడక యారెను. అదియే ముదురునకు గుర్తు.

శివరాత్రికి వారము ముందుగా త్రవ్వి, తీపి హెచ్చుటకై నీడనుంచితిమి. పండుగనాడు ఆవిరిపై నుడికించి, బెల్లమును కొబ్బరికోరును కలిపి ఫలాహారముగా పెట్టితిమి. అత్తగారు మారడిగి వేయించుకొనిరి.

బలమంతయు పైపచ్చదనమునకే వెచ్చించిన సంసారమున నడుగున నేమి మిగులును? ఆ పట్టుచీర అప్పు తీరినదాక మరియొక చీర కొనలేదు.