మంచుబండిలో వెనుక కూర్చుండువారు

మిన్నెసోటా రాష్ట్రపు టుత్తరభాగమున శీతకాలము మిక్కిలి దీర్ఘమైనది. ఇచ్చట కాపురముండు మావంటి తెలుగు కుటుంబములవారు మొదటి యేడు కిటికీలు మూసికొని కూర్చుందురు. మూడవ యేటికి మంచులోనికి బోవలెనని బుద్ధి పుట్టును. అట్లే మా యింటను స్నోమొబైల్, అనగా ముందు రెండు స్కీలును క్రింద రబ్బరు పట్టాయు గలిగి మంచుపై బరుగెత్తు మోటారుబండి, కొనవలెనను ప్రసంగము వచ్చినది. సోదరీమణులు దీనిని పురుషుల వేడుక యని పుట త్రిప్పవలదు.

ముందు కూర్చున్నవారి చేతిలో పిడి యుండును, కన్నులయెదుట దారి యుండును. గుంట వచ్చుట చూచి వారు మోకాళ్లపై లేతురు. వెనుకనున్నవారికి ఎదుట నొక వీపు తప్ప మఱేమియు గనబడదు. కుదుపంతయు నడుమే మోయవలెను. మాకు రెండవ కాన్పునుండి నడుమునొప్పి గలదు. కుదుపులు తగ్గినచో బండి యెక్కుడు, లేనిచో మానుడని వైద్యురాలు ఖండితముగా జెప్పినది. కావున మా వారు సెలవుదినముల నడవిదారుల దిరుగుచుండ మేము వాకిట జూచుచుండుటయా, కలసి పోవుటయా యనునది సస్పెన్షనుమీద, అనగా స్ప్రింగులును షాక్ అబ్జార్బరులును గల అమరికమీద, నిలిచినది.

ఈ బండి పుట్టుకయు వేడుకకొఱకు గాదు. కెనడాదేశమున క్విబెక్ రాష్ట్రపు వాల్కూర్ గ్రామవాసి జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే మంచుమీద నడచు బండికై చిన్ననాటినుండి శ్రమించుచుండెను. 1934వ సంవత్సరపు శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారుడు జబ్బుపడగా, మంచు కప్పిన దారుల నాసుపత్రికి జేర్చు సాధనములేక మరణించెను. 1937లో ఆయన తన పట్టాబండికి పేటెంటు పొందెను. ఒకరిద్దఱెక్కు చిన్నబండి 1959లో వెలువడినది. తల్లులకు దీనిపై వ్యాఖ్య యక్కఱలేదు.

అంగడివాడు మొదట ఇంజను బలమునుగూర్చి చెప్పదొడగెను. పిదప 165 అంగుళముల పట్టాగల బండి యొకటి చూపెను. అది పర్వతములకు దగినది. లోతైన మెత్తని మంచులో దిగబడకుండుటకై పట్టా పొడవుగను, ప్రక్కకు సులభముగ నొరగుటకై స్కీలు దగ్గఱగను ఉండును. బరువు వెనుకకు జాఱి స్కీలు తేలునట్లు అమరిక మెత్తనై యుండును. ఈ గుణములే చదునుదారి మలుపున దోషములు. రాకీ పర్వతములా, మాకు వందలకొలది మైళ్ల దూరమున నున్నవి! మఱియొకటి దిబ్బలపైనుండి దుముకు యువకులది. దాని స్ప్రింగులు గట్టివి. ఎగిరి పడునపుడు కాపాడును గాని, మెల్లగా బోవువారిని చిన్న గుంటకును ఎగురవేయును.

మిన్నెసోటాలో మంచుబండ్లకై యిరువదివేల మైళ్లకు బైగా దారులు గలవు. యంత్రముతో చదునుచేసిన దారి ఉదయమున నున్నగా నుండును. బండ్లు దిరిగినకొలది సాయంత్రమునకు గుంటలుపడి మన పల్లెల యెడ్లబండి బాటవలె నగును. మా ప్రయాణమంతయు నట్టి దారులనే. దానికి స్కీలు ఎడముగా నుండవలెను. వెనుక అమరికలోని రెండు చేతులును కొంత కదలిన పిమ్మట నొకదానితో నొకటి పట్టువడునదై యుండుట మేలు. అందువలన బండి ఉయ్యాలవలె ముందువెనుకల కూగదు. ఇద్దఱు గూర్చుండు బండియే కొంటిమి.

స్ప్రింగు కుదుపును మ్రింగును గాని, వెంటనే కక్కును. ఆ తిరుగుదెబ్బను శాంతింపజేయునది షాక్ అబ్జార్బరు. అందలి నూనె సన్నని రంధ్రములగుండ బోవలసియుండుటచే వేగము చచ్చును. కావున మెత్తని స్ప్రింగొక్కటి చాలునని తలపరాదు.

కొన్నదానితో పని తీఱదు, దిద్దుకొనవలెను. వెనుకభాగము నెత్తి, అమరిక పూర్తిగ సాగినపుడు నేలనుండి యెత్తు కొలువవలెను. తరువాత చలిదుస్తులన్నియు దొడిగి ఇద్దఱును ఎక్కి కొలువవలెను. ఆ దిగుడు, అమరిక మొత్తము కదలికలో సుమారు నాల్గవవంతునుండి మూడవవంతువఱకు నుండిన చాలును. ఎక్కువైనచో స్ప్రింగు బిగింపును పెంచవలెను. ముందరి చేతికి గట్టియుండు పట్టీ నొక కన్నము పొట్టిచేసిన స్కీలపై బరువు పెరిగి మలుపు కుదురును. వదలు చేసిన స్కీలు తేలును. అంగడివాడు కొత్త షాక్ అబ్జార్బరులు కొనుమనుచుండగా మేము కొలతకఱ్ఱ పట్టుకొని నిలిచితిమి. ఒక్క డాలరు అదనముగా వెచ్చింపలేదు.

మా బండిలో వెనుక స్ప్రింగుల బిగింపునకు అంకెలు గలవు. మా వారొక్కరే పోవునపుడు 1, మేము గూడ ఎక్కినపుడు 3. ఈ సంగతి గ్యారేజి తలుపుమీద సుద్దతో వ్రాసియుంచితిమి. మొన్న మార్చిలో వారు 1వ అంకెమీదనే తెచ్చి యెక్కుమనిరి. మేము శిరస్త్రాణము తీయక, మాటాడక, తలుపువైపు వ్రేలు చూపితిమి. వారు దిగి త్రిప్పిరి.