ఫ్యాను తిరుగుద్ది, తెర వెలగదు

కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోతే ఒక రకంగా నయం. మీట నొక్కితే లైటు రాదు, ఫ్యాను తిరగదు, కరెంటే అందట్లేదని తెలిసిపోతుంది. లైటు వెలుగుతూ, ఫ్యాను గిర్రున తిరుగుతూ, తెర మీద మాత్రం ‘నో సిగ్నల్’ అనే డబ్బా కాసేపు తచ్చాడి ఆరిపోయిందనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు కష్టం. ఆ కష్టం నేను పోయిన మార్చి నెలాఖరున నాలుగు రాత్రులు పడ్డాను. సైన్సు విద్యార్థినని చెప్పుకుంటూ పడ్డాను గనక సిగ్గు విడిచి రాస్తున్నాను.

మాది పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద బస్సు దిగి, అడవి దారిన నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాల్సిన వూరు. మిర్చి, పత్తి వేస్తాం. ఒక యేడు మిర్చి డబ్బులు చేతికి రాగానే నాయన నా పోరు పడలేక ఒక పాత కంప్యూటర్ కొనిచ్చాడు. నేను హాస్టలుకొచ్చాక అది చెల్లెదైపోయింది. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఎప్‌సెట్‌కి చదువుతోంది. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో సీటు కొట్టాలని దాని పట్టుదల. ఆ పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలి. మూడు గంటలు, 160 ప్రశ్నలు. మౌసు పట్టి సాధన చేయడానికి దానికున్నది ఈ ఒక్క యంత్రమే. అది కూడా ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఆవులిస్తూ కూర్చునేది.

సెలవులకు పోయినప్పుడు దాని అవస్థ చూసి, అన్నని గదా, బాగుచేద్దామని బయల్దేరాను. భద్రాచలం రోడ్‌లో రైలెక్కాను. (పేరు భద్రాచలం రోడ్డే గాని ఆ స్టేషన్ వున్నది కొత్తగూడెంలో. రాములవారి గుడి పక్కనే దిగుతామనుకుని వచ్చి బిక్కమొహం వేసేవాళ్ళని యెందరినో చూశాను.) సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి మూడు వస్తువులు కొన్నాను: వాడేసిన ఐ5-3470 ప్రాసెసర్ ఒకటి, నాలుగు జీబీ ర్యామ్ ఒకటి, కొత్త ఎస్‌ఎంపీఎస్ ఒకటి. పాత ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను గానుగలాగా అరుస్తోంది మరి. కొట్టతను ‘బోర్డు ఏది?’ అనడిగితే ‘1155 సాకెట్టే, సరిపోద్ది’ అని నేనే ధీమాగా చెప్పాను. ఆ ధీమాకి తరవాత వడ్డీతో సహా కట్టాను.

ఇంటికొచ్చిన రాత్రే మూడూ ఒక్కసారిగా మార్చేశాను. మీట నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా వుండిపోయింది.

అందరూ చేసేవన్నీ చేశాను. ర్యామ్ తీసి రబ్బరుతో కాళ్ళు రుద్ది మళ్ళీ గుచ్చాను. స్లాటు మార్చాను. గుండ్రటి బ్యాటరీ తీసి పెట్టాను. మానిటర్ వైరు మార్చాను. రెండో రాత్రి పాత ర్యామ్, పాత ప్రాసెసర్ తిరిగి పెట్టేశాను. అప్పుడైనా రావాలి గదా? రాలేదు. ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం పోలేదు. కొత్తది, ఫ్యాన్లు తిప్పుతోంది, దానికేం రోగమని. పాత సరుకు పెట్టినా తెర రాలేదంటే బోర్డే కాలిపోయిందని తేల్చుకున్నాను.

చెల్లెకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ‘సరేలే అన్నా’ అని నాయన ఫోను తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఆ బొటనవేలంత అక్షరాల్లేని తెర మీద జీవశాస్త్రం బొమ్మలు సాగదీసి సాగదీసి చూసుకుంటోంది. పరీక్షకి నెల రోజులు కూడా లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

మూడో నాడు మధ్యాహ్నం మిర్చి కల్లం దగ్గర నాయన అడిగాడు.

‘ఏందిరా, దాని కథ?’

‘ఫ్యాను తిరుగుద్ది నాయనా, తెర రాదు. పాతవి పెట్టినా రాలేదు. బోర్డు పోయినట్టుంది.’

ఆయన కాయలు బోర్లిస్తూనే అన్నాడు: ‘పోయినేడు వాగు మోటరు యాదికుందా? తిరిగేది, నీళ్ళు పడేయి కావు. పైపు జాయింటు కాడ గాలి పీల్తాందని బిగించిన. అయినా రాలే. జాయింటు కాదేమోనని మళ్ళ ఊడబీకిన. రెండు రోజులు పాయె. తీరా చూస్తే కింద ఫుట్‌వాల్వుల ఆకు ఇరుక్కున్నది. రెండూ చెడ్డయ్యే. దానికి ఒక్క రోగమే వుండాలని యేమన్నా రూలుందారా?’

మా ఫిజిక్సు లాబ్‌లో ఒకసారికి ఒకటే మార్చమని రికార్డు మొదటి పేజీలోనే రాయించారు. రాశాను. మార్కులు కూడా వేశారు.

ఆ రాత్రి అన్నీ విప్పి చాప మీద పరిచాను. చెల్లె టార్చి పట్టింది. ర్యామ్ లేకుండా, ప్రాసెసర్ ఒక్కటే వుంచి, బోర్డుకి చిన్న బీప్ స్పీకర్ తగిలించి మీట నొక్కాను. ప్రాసెసర్ పనిచేస్తుంటే ర్యామ్ లేదని అది కూయాలి. కూయలేదు. అంటే ప్రాసెసరే నిద్రలేవట్లేదు. అప్పుడు దాని పక్కనున్న నాలుగు రంధ్రాల సాకెట్టు మీదకి పోయింది చూపు. ఖాళీగా వుంది! పెద్ద 24 పిన్నుల వైరు బోర్డుకి కరెంటిస్తుంది, ఫ్యాన్లకూ అదే చాలు. ప్రాసెసర్‌కి మాత్రం వేరే నాలుగు పిన్నుల వైరుండాలి. కొత్త ఎస్‌ఎంపీఎస్ వైర్లు అందంగా కట్టలు కడుతూ దాన్ని నేనే వెనక్కి మడిచి బిగించేశాను. అది తగిలిస్తే కూసింది. ర్యామ్ పెడితే పాత ప్రాసెసర్‌తో తెర వెలిగింది. చెల్లె టార్చి కింద పడేసింది.

నాకు ఆశ చావలేదు. కొత్త ప్రాసెసర్ పెట్టాను. మళ్ళీ నలుపు. కానీ ఈ నలుపు నన్ను భయపెట్టలేదు, యెందుకంటే ఇప్పుడు తేడా ఒక్కటే. పాతది తిరిగి పెట్టి చూస్తే తెర మీద బయోస్ తేదీ 2011 అని వుంది. బయోస్ అంటే బోర్డు మీది చిప్పులో వుండే ప్రోగ్రాము, కరెంటు రాగానే ముందు లేచేది. ఐ5-3470 మూడో తరానిది. ఆ తరం బజారుకొచ్చింది 2012 ఏప్రిల్‌లో. రెండో తరానికీ దీనికీ సాకెట్టు ఒకటే, చక్కగా కూర్చుంటుంది. అయితే 2011 నాటి బయోస్‌కి యింకా పుట్టని చుట్టం మొహం యెట్లా తెలుస్తుంది? ముందు పాత ప్రాసెసర్‌తోనే బయోస్‌ని కొత్తది చేయాలి.

ఫోను మీద ఫైలు దించి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇక్కడ చేతులు వణికాయి. ఆ రాసుకునే నాలుగైదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు నిజంగానే చస్తుంది. మాకు యూపీయెస్ లేదు. సాయంత్రమైతే యీదురుగాలి లేచి టేకు కొమ్మలు తీగల మీద పడే కాలం. వెలిగిన తెరని అట్లాగే వదిలేద్దామా, పాతదే చాలులే అని కూడా అనుకున్నాను. చెల్లెనే అడిగాను. ‘నెమ్మదిగా నడిస్తే నాకు టైము చాలట్లేదన్నా. చెయ్యి’ అంది.

‘తెల్లారగట్ల చేయండి, గాలుండదు,’ అన్నాడు నాయన. ‘నేను మోటరెయ్య.’ మా వాడకట్టుకీ ఆ పక్క మోటర్లకీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. పక్క చేను బాబాయికి కూడా పోయి చెప్పొచ్చాడు.

నాలుగున్నరకి లేచాం. ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు బుట్టలతో అడవిలోకి పోతున్నారు. తెర మీద గీత జరగడం మొదలుపెట్టింది. ముగ్గురం మాట్లాడలేదు. మధ్యలో బల్బు ఒకసారి మసకబారినట్టయింది. నా భ్రమే కాబోలు. నూరు శాతం అయింది, దానంతటదే ఆగి లేచింది. ప్రాసెసర్ మార్చాను. సిరంజిలో మిగిలిన పేస్టు బొట్టంత రాశాను. చాలకపోతే పళ్ళ పేస్టు తెమ్మంటావా అని చెల్లె. మీట నొక్కాను.

వెలిగింది. ఐ5-3470 అని పేరుతో సహా.

నాయన టవలు భుజానేసుకుని మోటరు వేయడానికి పోయాడు. డబ్బా తలుపు యింకా పక్కనే పడి వుంది, నాలుగు మరలు నా చేతిలో వున్నాయి. బిగించి యిస్తానన్నా చెల్లె వినలేదు. ‘లే అన్నా, మాక్ టెస్టు మొదలుపెట్టాలి’ అని కుర్చీ లాక్కుంది. మూడు గంటలయ్యాక బిగించాను.