పక్కన తీగలు అల్లినవాళ్లు

ఏడో ఏట విజయవాడలో నా చేతికి వయొలిన్ వచ్చింది. వర్ణాలు, కృతులు, కచేరీలు... పదకొండేళ్లు అదే లోకం. సినిమా పాట వాయిస్తే గమకం పాడవుతుందని మా మాస్టారు గట్టిగా చెప్పేవారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని వాయించేదాన్ని. పాటను కాదు, పాట వెనకాల వినిపించే వయొలిన్లను.

ఆ తలుపుచాటు అలవాటే చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో నాకు పని తెచ్చిపెట్టింది. అప్పటికి స్టాఫ్ నొటేషన్ కూడా నేర్చుకున్నాను. ఒక పాప్ ఆల్బమ్‌కి వయొలిన్లు, చెల్లో రాసిమ్మన్నారు. ట్యూను, గిటారు, డ్రమ్స్ సిద్ధంగా ఉన్నాయి. రెండో చరణానికి ముందు పదహారు బార్లు ఖాళీ. అక్కడ వినిపించే ప్రతి స్వరం నాదే. తీరా సీడీ వచ్చాక చూస్తే నా పేరు కృతజ్ఞతల్లో ఉంది, భోజనాలు ఏర్పాటు చేసినవాళ్ల పక్కన. అడిగాను. "ట్యూను నాది కదమ్మా, మీరు పక్కన తీగలు అల్లారు" అన్నాడు స్వరకర్త, ఎంతో ఆప్యాయంగా. నాకు జవాబు తట్టలేదు.

ఆ జవాబు కోసం తిరుగుతున్నప్పుడే ఆన్ డడ్లీ గురించి తెలిసింది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో శాస్త్రీయంగా చదువుకున్న మనిషి. 1982లో 'ఏబీసీ' అనే పాప్ బృందం ఆల్బమ్ 'ది లెక్సికన్ ఆఫ్ లవ్'కి ఆర్కెస్ట్రా రాసింది. అందులో 'ఆల్ ఆఫ్ మై హార్ట్' విన్నాను. గాయకుడు ఆగిపోయాక కూడా ఆర్కెస్ట్రా ఆగదు. అతను చెప్పలేక వదిలేసిన దుఃఖాన్ని అది చివరిదాకా మోసుకెళ్తుంది. అది తీసేస్తే మిగిలేది అదే పాట అవుతుందా?

తర్వాత ఆమె 'ఆర్ట్ ఆఫ్ నాయిస్' బృందంలో శాంప్లర్ యంత్రాలతో పనిచేసింది. 1997లో వచ్చిన 'ది ఫుల్ మాంటీ' సినిమాకి సంగీతం ఇచ్చి, 1998లో ఆస్కార్ అందుకుంది. ఉద్యోగాలు పోయిన ఉక్కు కార్మికుల కథ అది. ఆ సినిమా అనగానే జనానికి గుర్తొచ్చేవి అందులోని పాప్ పాటలు. ఆ పాటల మధ్య, ఆ మగవాళ్ల దిగులుకీ నవ్వుకీ వంతెన కట్టింది ఆమె సంగీతం. అంతకు ముందు ఏడాదే 'ఎమ్మా'కి రేచెల్ పోర్ట్‌మన్ ఆస్కార్ గెలుచుకుంది. డడ్లీ తర్వాత సినిమా నేపథ్య సంగీతానికి మరో స్త్రీ ఆస్కార్ అందుకోవడానికి 22 ఏళ్లు పట్టింది. 2020లో 'జోకర్'కి హిల్డుర్ గుడ్నడోట్టిర్ అందుకుంది.

ఇల్లు సర్దినవాళ్లని ఎవరూ అడగరు. సర్దకపోతే అడుగుతారు. పాటలో ఆర్కెస్ట్రా రాసేవాళ్లదీ ఇంచుమించు అదే స్థితి. ఈ పని చేసే మగవాళ్ల పేర్లు కూడా చిన్న అక్షరాల్లోనే ఉంటాయి, కాదనను. కానీ "సాయం చేశారు" అన్న మాట ఆడవాళ్ల పనికి ఎంత తేలిగ్గా అతుక్కుంటుందో! నేనూ దాన్ని అతికించుకున్నాను. డబ్బు సంగతి ముందే మాట్లాడుకున్నదాన్ని, పేరు సంగతి మాట్లాడలేదు. అడగడం అమర్యాద అనుకున్నాను. మాస్టారి దగ్గర నేర్చుకున్న వినయంలో ఎంత భాగం సంగీతానిదో, ఎంత భాగం ఆడపిల్లలకు నేర్పేదో ఇప్పుడు విడదీసి చూసుకుంటున్నాను.

ఈమధ్య మరో పని వచ్చింది. ఈసారి నొటేషన్ రాయకముందే ఫోన్ చేసి, "నా పేరు ఎక్కడ వేస్తారు?" అని అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. నేను ఆ నిశ్శబ్దాన్ని పూరించలేదు.